రెండో కుర్చీ

ఆ ఆదివారం మధ్యాహ్నం నాలుగూ పదికి మా ఇంట్లో రెండో కుర్చీలో కూర్చున్నది ఎవరు?

ఈ ప్రశ్న నాలో నేను వేసుకోబట్టి ఆరేళ్ళయింది. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. చూపు ఇంకా ఆనుతోంది. పుస్తకం పట్టని పూట లేదు. జ్ఞాపకం అప్పుడప్పుడు తడబడినా అబద్ధాలాడేదాకా రాలేదు. అయినా ఆ కాసేపటి సంగతి నాకు తెలియదు. ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే, అయినా తెలియదు. తెలిసినంతవరకు మా తమ్ముడి కథ రాసిపెడితే, రాస్తూండగా ఏదైనా తడుతుందేమోనని మొదలుపెడుతున్నాను.

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. ఊళ్ళో సగం మేడల కాపలావాళ్ళు వాణ్ణి "లిఫ్టయ్యా" అని పిలిచేవారు. భుజాన సంచి, సంచిలో రెంచీలు, గ్రీజు డబ్బా, మెడలో తాడుకట్టిన టార్చిలైటు. మనిషి పొట్టి, నాకంటే అంగుళం తక్కువే. మేమిద్దరం నాలుగో అంతస్తులో మూడు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను పెళ్ళి జోలికి పోలేదు. వాడు పోయాడు గానీ రెండేళ్ళలో తిరిగొచ్చాడు. మా మేడకి లిఫ్టు ఉన్నా వాడు ఎన్నడూ ఎక్కలేదు. ఎందుకురా అంటే, "రోజంతా దాని కడుపులోనే ఉంటాను కదక్కా, ఇంటికొచ్చాక కూడానా?" అనేవాడు. మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు మూడో అంతస్తు దాటిందని వినిపిస్తే నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టేదాన్ని.

పొద్దున బయల్దేరేటప్పుడు తలుపు దగ్గర నిలబడి "వెళ్ళొస్తానక్కా" అనేవాడు. నేను "ఊఁ" అనేదాకా కదిలేవాడు కాదు. ఒక్కోసారి ఏడిపించడానికి పలికేదాన్ని కాదు. చెప్పులు వేసుకుని కూడా గుమ్మంలోనే నిలబడి, "అక్కా, అవతల మనుషులు గాల్లో వేలాడుతున్నారే," అని బతిమాలేవాడు.

అది వాడి బతుకుతెరువు. ప్రాణం మాత్రం ఇంకోదాంట్లో ఉండేది.

కంప్యూటరువాళ్ళు దాన్ని లైబ్రరీ అంటారట. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను ఆశగా, "ఎన్ని పుస్తకాలున్నాయిరా?" అని అడిగాను. వాడు పడీ పడీ నవ్వాడు. పుస్తకాలు కాదు, ఏదో ఒక చిన్న పని చేసిపెట్టే రాత. ఎవరైనా తమ ప్రోగ్రాములో దాన్ని తగిలించుకోవచ్చు, విప్పి చదువుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదేనట, తలుపులేని ఇల్లు. మా తమ్ముడు పనిచేసే లైబ్రరీ చేసేది కొలతలు మార్చడం. ఔన్సులు గ్రాములవుతాయి, చుక్కలు మిల్లీలీటర్లవుతాయి, మనిషి బరువు చెబితే మందు మోతాదు వస్తుంది.

"ఇంతోటి లెక్కకి ఇంత ఆర్భాటమా?" అన్నాను.

"ఇంతోటిదే కాబట్టి ఎవరూ దీని మొహం చూడరక్కా. వంటింటి తక్కెళ్ళలో ఉంది. పశువుల ఆసుపత్రుల్లో ఉంది. రోగుల నరాల్లోకి మందెక్కించే పంపుల్లో ఉంది. గోడలో తీగలాగ లోపలెక్కడో ఉంటుంది. అది బాగున్నన్నాళ్ళూ అక్కడుందని ఎవరికీ తెలియదు."

దాన్ని మొదలుపెట్టింది పొడుగు మాస్టారు. ఊరికి ఆ చివర ఉండేవారు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. గుమ్మంలో తల వంచి రావలసినంత పొడుగు. మా తమ్ముడు ఒకసారి ఆయన రాతలో తప్పు పట్టి ఉత్తరం రాస్తే, "అయితే రేపటినుంచి నువ్వూ రా" అని జవాబిచ్చారట. అలా ఎనిమిదేళ్ళు కలిసి పనిచేశారు. ఎదురెదురుగా కూర్చున్నది ఏడాదికి ఒకటి రెండుసార్లే. మిగతా మాటలన్నీ ఆ లైబ్రరీ పేజీలోనే.

వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. ఇద్దరిలో ఎవరు ఏ మార్పు రాసినా, రెండోవాళ్ళు చూసి ఒప్పుకుంటేనే అది లోపలికి వెళ్ళాలి. ఊరికే చూస్తే చాలదు. కాగితం మీద పెన్సిలుతో మూడు లెక్కలు సొంతంగా కట్టాలి. కట్టాక మాస్టారు పేజీలో మూడే మూడు మాటలు రాసేవారు: "చూశాను. చేత్తో చేశాను. సరిపోయింది." చుట్టూ ఉన్నదంతా ఇంగ్లీషే అయినా ఆ మూడూ మన భాషలోనే. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఆ అక్షరాలను ఏదో ముద్ర అనుకునేవారట. ముద్ర కనిపిస్తే నిశ్చింతగా తీసుకునేవారు. తప్పు కనిపిస్తే మాత్రం మాస్టారు తప్పేమిటో చెప్పేవారు కాదు. "ఏడో వరుస దగ్గర ఒక్కసారి ఆగు." అంతే. బళ్ళో పిల్లలకి చెప్పినట్టు.

నాకు ఆ పద్ధతి వెంటనే నచ్చింది. నేను నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. మా దగ్గర ఒకరు మూలప్రతి పైకి చదివితే ఇంకొకరు అచ్చుకాగితం చూసేవాళ్ళం. తను రాసిన తప్పు తనకి కనిపించదు. కన్ను దాన్ని ఒప్పుగా చదివేసుకుని ముందుకి పోతుంది. అందుకే ఇంకో మనిషి కావాలి. ఇంకో కన్ను కాదు, ఇంకో మనిషి.

మాస్టారు పోయారు. నాలుగు రోజుల జ్వరం, అంతే.

పదిహేనో రోజునో ఎప్పుడో ఆయన భార్య మా తమ్ముణ్ణి పిలిచి, ఆయన పాత కంప్యూటరు, లెక్కల నోటుపుస్తకం, ఆయన కూర్చునే కుర్చీ ఇచ్చి పంపింది. తిప్పితే పైకి లేచే ఇనప కుర్చీ అది. "ఆయన చోటు ఖాళీగా ఉండకూడదన్నారు బాబూ," అందట. నోటుపుస్తకం ఆఖరి పేజీలో మాస్టారి పాస్‌వర్డు ఉంది.

అలాంటి పని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు మా తమ్ముడు అప్పుడు చేశాడు. రెండో మనిషిని వెతుక్కోలేదు. తనే రెండో మనిషయ్యాడు.

మొదట ఒక్కసారికే అనుకున్నాడు. మాస్టారు పోయేనాటికి ఆగిపోయి ఉన్న మార్పు ఒకటుంది, దాన్ని లోపలికి పంపాలి. మాస్టారి పేరుతో తెరిచి, నిజంగానే మూడు లెక్కలు కట్టి, ఆ మూడు మాటలు రాశాడు. మర్నాడు ఎక్కడినుంచో ఎవరో, "మాస్టారూ, ఆరోగ్యం బాగుందా? చాలా రోజులైంది కనబడి" అని రాశారు. వాడు జవాబివ్వలేదు. ఆయన పోయారని రాయనూ లేదు. ఆ తరవాత రాయడానికి వీల్లేకపోయింది.

అప్పటినుంచి మా ముందుగదిలో బల్లకి అటొక కుర్చీ ఇటొక కుర్చీ. పొద్దున అయిదింటికి లేచి కిటికీ వైపు కుర్చీలో, తన కంప్యూటరు ముందు, తన పేరుతో రాసేవాడు. సాయంత్రం పనినుంచి వచ్చి స్నానం చేసి గోడవైపు కుర్చీలో, మాస్టారి కంప్యూటరు ముందు కూర్చునేవాడు. మధ్యలో కనీసం తొమ్మిది గంటలు గడవాలని తనకి తనే నియమం పెట్టుకున్నాడు.

"నువ్వే రాసి నువ్వే దిద్దితే అది దిద్దుబాటెలా అవుతుందిరా?" అన్నాను.

"అందుకే కదా తొమ్మిది గంటలు ఆగేది. పొద్దున రాసినవాణ్ణి సాయంత్రానికి మర్చిపోతాను."

"పోనీ మర్చిపోయావే అనుకో. అప్పుడు కూర్చునేది ఎవరు?"

వాడు నా వంక చూసి, పెన్సిలు చెక్కుకున్నాడు.

మొదటి ఏడాది నాకది చాదస్తంగానే కనిపించింది. తరవాత కొన్ని చూశాను. ఆ గోడవైపు కుర్చీలో వాడు నడుం నిలబెట్టి కూర్చునేవాడు, కిటికీవైపు కుర్చీలో గూనిగా. పాస్‌వర్డు కొట్టేటప్పుడు పెదవులతో అక్షరాలు పలికేవాడు, చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టు. నోటుపుస్తకం చూసి చూసి రాత కూడా మారింది. ఒక సాయంత్రం నేను వంటగదిలోంచి వస్తోంటే, తలెత్తకుండా, "ఏమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా?" అన్నాడు.

ఏ తమ్ముడూ అక్కని "ఏమ్మా" అనడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను అలా పిలిచింది మాస్టారు.

నీళ్ళిచ్చాను. తాగి గ్లాసు బల్లమీద పెట్టి, లెక్క చేసుకుంటూ ఉండిపోయాడు. లేచి ఇవతలికి వచ్చాక, "అక్కా, దాహంగా ఉంది, నీళ్ళున్నాయా?" అని అడిగాడు. మళ్ళీ ఇచ్చాను. నాలుగేళ్ళు ఇలాగే గడిచాయి. మనిషి దేనికైనా అలవాటు పడతాడని పుస్తకాల్లో చదివితే విసుగ్గా ఉంటుంది గానీ, నిజమే.

ఇక ఆ ఆదివారం.

ముందురోజు ఒక ఉత్తరం వచ్చింది. మందెక్కించే పంపులు తయారుచేసే ఒక సంస్థలో పనిచేసే ఆవిడ రాసింది. మేం ఆవిణ్ణి పంపులమ్మ అనుకునేవాళ్ళం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డులో ఆ పంపులు పెట్టబోతున్నారు. కిలోకి లోపు బరువున్న బిడ్డలకి కూడా మోతాదు చెప్పేటట్టు లైబ్రరీని మార్చగలరా అని. సోమవారం పొద్దున తీసుకుంటామని. మా తమ్ముడు ఆదివారం తెల్లవారుతూనే కూర్చుని ఎనిమిదింటికల్లా రాసేసి పేజీలో పెట్టాడు. సాయంత్రం చూసి ఆ మూడు మాటలు పెడితే అయిపోతుంది.

రెండింటికి ఫోనొచ్చింది. ఎక్కడో ఒక మేడలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ముసలి మొగుడూ పెళ్ళాం. "వెళ్ళొస్తానక్కా." "ఊఁ." మెట్లు దిగి వెళ్ళాడు.

నేను కిటికీ పక్క పడక్కుర్చీలో పుస్తకం పట్టుకుని వాలాను. గోడవైపు కుర్చీ ఎదురుగానే కనిపిస్తోంది. మాస్టారి కంప్యూటరు మూత వేసి ఉంది. దాని బ్యాటరీ చచ్చిపోయి చాలాకాలమైంది, తీగ పెట్టకపోతే నాలుగైదు నిమిషాలకన్నా నిలవదు. ఆ తీగ పెట్టే చోట ఆ రోజు నేను చదువుకునే దీపం తీగ ఉంది. ఇది నాకు బాగా గుర్తు, ఎందుకంటే నేనే మార్చాను. మూడున్నరకి గడియారం చూశాను. తరవాత చూసినప్పుడు అయిదు. ఎండ గోడమీంచి నేలమీదికి దిగింది. పుస్తకం నా ఒళ్ళో మూసి ఉంది, పేజీ గుర్తు పెట్టి ఉంది. నేను పేజీ గుర్తు పెట్టి నిద్రపోయే మనిషిని కాను. నిద్ర నన్ను అడిగి రాదు.

ఆరింటికి మెట్ల మీద చెప్పులు వినిపించాయి. పరుగు.

"అక్కా, ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారురా? ముసలాళ్ళు బయటపడ్డారా?"

"పడ్డారు. ఈ కంప్యూటరు నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకుంటే కరుస్తుందని నువ్వే కదా చెప్పావు."

వాడు నవ్వలేదు. ఫోను నా చేతిలో పెట్టాడు. లైబ్రరీ పేజీ. పొద్దున వాడు రాసిన మార్పు కింద, మాస్టారి పేరుతో, నాలుగూ పదికి, ఒక్క వాక్యం ఉంది.

"నాలుగో వరుస దగ్గర ఒక్కసారి ఆగు."

"నువ్వేనా రాసింది?" అన్నాను.

"నేను లిఫ్టు గోతిలో ఉన్నానక్కా. రెండు చేతులకీ గ్రీజు." వేలితో తెరమీద ఇంకో చోట చూపించాడు. "ఏ కంప్యూటరు నుంచి వచ్చిందో పేజీ రాసిపెడుతుంది. ఇదిగో. మాస్టారిది. మన ఇంట్లోంచి."

మూత తెరిచి మీట నొక్కాడు. వెలగలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంది. ముందురాత్రి తీగ తీసేటప్పుడు నిండుగానే ఉందన్నాడు.

ఎవరు రాశారన్నది పక్కకి నెట్టి, వాడు ముందు నాలుగో వరుస చూశాడు. నిలబడే చూశాడు. చూసి మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఏమైందిరా?"

"హెచ్చవేయకముందే బరువుని దగ్గరి పూర్తి కిలోకి సర్దేశాను. సర్దాల్సింది చివర్న. అయిదువందల నలభై గ్రాముల పసిగుడ్డుని ఇది కిలో బిడ్డ అనుకుంటుంది." వేళ్ళమీద లెక్కపెట్టి అన్నాడు. "మందు దాదాపు రెండింతలు ఎక్కుతుంది."



"పోనీలేరా," అన్నాను. "సాయంత్రం చూసేటప్పుడు ఎలాగూ పట్టుకునేవాడివి కదా."

"పట్టుకునేవాణ్ణి కాదక్కా."

"అదేంటి?"

"ఆరు నెలలుగా చేత్తో చెయ్యట్లేదు. కుర్చీలో కూర్చుంటాను, పైనుంచి కిందికి ఒకసారి చూస్తాను, మూడు మాటలు రాసేస్తాను. చేత్తో చేశానని రాస్తాను. చెయ్యను." ఇది చెప్పేటప్పుడు వాడు నా వైపు కాదు, గోడవైపు కుర్చీకేసి చూస్తూ చెప్పాడు. "ఇవాళ కూడా అంతే చేసేవాణ్ణి. రేపు పొద్దున ఆ పంపుల్లోకి వెళ్ళిపోయేది."

అప్పుడు బల్లమీద కాగితం కనిపించింది. మాస్టారి వైపు, పెన్సిలు పక్కన. మూడు లెక్కలు కట్టి ఉన్నాయి. మూడోది అయిదువందల నలభై గ్రాములది.

నలభై ఏళ్ళు రకరకాల మనుషుల చేతిరాతలు చదివినదాన్ని, రాతని బట్టి మనిషిని చెప్పగలనని నాకు కొంచెం గర్వం. మాస్టారి అయిదుకి నెత్తిమీది గీత విడిగా ఉంటుంది, నోటుపుస్తకం నిండా అంతే. మా తమ్ముడిది కలిసిపోయి ఉంటుంది, ఆ కుర్చీలో కూర్చున్నా ఈ ఒక్క అలవాటు మారలేదు. ఈ కాగితం మీద అయిదులు రెండు రకాలుగానూ ఉన్నాయి. ఒకే లెక్కలో, పక్కపక్కన.

నా అయిదు ఎలా ఉంటుందో అప్పటిదాకా నేనెప్పుడూ గమనించుకోలేదు. ఇప్పటికీ గమనించుకోను. ఎక్కడైనా రాయాల్సివస్తే అక్షరాల్లో రాస్తాను.

వాడు ఆ కాగితం చూడబోయి, అలవాటుగా గోడవైపు కుర్చీలో కూర్చుని, ఉలిక్కిపడి లేచాడు. కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. వాడు ఎప్పుడూ ఆ కుర్చీని తన కాళ్ళకి సరిపడా దించుకునే ఉంచేవాడు. నాలుగైదు చుట్లు తిప్పితే గానీ అంత ఎత్తు లేవదు. ఒక పొడుగు మనిషి కూర్చునే ఎత్తు అది.

ఎవరో బయటివాడు మాస్టారి పేరుతో దొంగతనంగా దూరాడనుకుందాం. వాడు మన భాషలో ఆ వాక్యం ఎందుకు రాస్తాడు? మా ఇంట్లో కాగితం మీద లెక్కలెందుకు కడతాడు? మా తమ్ముడు గోతిలో ఉన్నాడనడానికి ముసలి దంపతులిద్దరూ, కాపలావాడూ సాక్షులు. ఇక మిగిలింది నేను. నాకు పాస్‌వర్డు తెలియదు. కానీ నాలుగేళ్ళపాటు ప్రతి సాయంత్రం వాడి పెదవులమీద ఆ అక్షరాలు విన్నాను. చెప్పమంటే చెప్పలేను. నిద్రలో నా వేళ్ళు చెప్పగలవేమో నాకేం తెలుసు? ఒకటి మాత్రం అనుకుంటాను. నిద్రలో నడిచినా నాకు ఆ లెక్క రాదు.

సోమవారం వాడు పనికి పోలేదు. ముందు పంపులమ్మకి రాశాడు, మార్పు తీసుకోవద్దని, తప్పుందని. తరవాత నన్ను పిలిచి కిటికీవైపు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"ఆరు నెలల్లో పందొమ్మిది మార్పులు చూడకుండా పంపానక్కా. అన్నీ మళ్ళీ చూడాలి. నువ్వు ప్రెస్సులో చదివినట్టు పైకి చదువు. నేను లెక్క కడతాను."

"నాకు ఆ భాష రాదు కదరా."

"రాకపోతేనే మంచిది. అర్థం చేసుకుని చదివితే తప్పుని దిద్దుకుంటూ చదువుతావు. ఉన్నదున్నట్టు చదువు."

ప్రెస్సులో నాకు మొదటిరోజు చెప్పిన మాట కూడా అదే. వారం రోజులు చదివాను. చుక్క, కామా, బ్రాకెట్టు, సున్నా, సున్నా. వాడు మధ్యలో "ఆగు" అనేవాడు, పెన్సిలు గీరుకునేది, "పద" అనేవాడు. పందొమ్మిదింటిలో ఇంకొక్క తప్పు దొరికింది, వంటింటి చెంచాలది. ఎవరి కూరలోనో ఉప్పు కాస్త ఎక్కువై ఉంటుంది. ఆ వారమంతా మేం గోడవైపు కుర్చీని ముట్టుకోలేదు. దించనూ లేదు.

చివరికి ఒక సాయంత్రం ఇద్దరం మాస్టారి ఇంటికి వెళ్ళాం. ఉన్నదంతా లోకానికి చెప్పి, మాస్టారి పేరు తీసేసి, పంపులమ్మనీ, తరచూ తప్పులు దిద్ది పంపే ఇంకొకతన్నీ లైబ్రరీలో పెట్టాలని వాడి నిర్ణయం. దానికి ముందు మాస్టారి భార్యతో చెప్పాలి. తను చేసింది ఆమెకి ఎలా చెప్పాలన్నదే బస్సులో దారిపొడుగునా వాడి దిగులు.

ఆమె మమ్మల్ని ముందుగదిలో కూర్చోబెట్టి అంతా విన్నది. వాడు తల వంచుకునే చెప్పాడు.

"నాకు తెలుసు బాబూ," అంది.

"ఏది తెలుసండీ?"

"ఆయన పోయినా ఆ పేజీ చూడటం మానలేదు నేను. నాకేం అర్థమవుతుంది? ఆ మూడు మాటలు వెతుక్కోవడమే. అవి కనిపిస్తే లోపలి గదిలో ఇంకా ఏదో రాసుకుంటున్నారని అనిపించేది. నువ్వే రాస్తున్నావని తెలుసు. నువ్వు కూర్చున్నా ఆయన కూర్చున్నట్టే ఉండేది." కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఈ ఆరు నెలలే తేడాగా ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను."

"ఎవరికండీ?" అన్నాను నేను.

ఆమె ఆ మాట విననట్టే ఉంది. "అవే మూడు మాటలు, అయినా లోపల మనిషి లేడు. తెలుస్తుందమ్మా. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. మొన్న ఆదివారం మాత్రం మళ్ళీ ఆయనే." అని తమ్ముడి వైపు తిరిగి, "ఏమైంది బాబూ ఆదివారం? ఏదైనా పెద్ద తప్పు చేశావా? ఆయన ఊరికే ఆగమనరు," అంది.

మా తమ్ముడు ఏడ్చాడు. వాడు ఏడవగా నేను చూసింది అదే.

"పేరు తీసెయ్యి," అంది కాసేపటికి. "ఎన్నాళ్ళని కూర్చోబెడతావు? బతికున్న రోజుల్లోనే గంట కూర్చుంటే నడుం పట్టేసేది ఆయనకి."

చిక్కేమిటంటే, మాస్టారి పేరు తీసేసి కొత్త పేర్లు పెట్టడం కూడా ఒక మార్పే. దాన్నీ రెండోమనిషి చూసి ఒప్పుకోవాలి. రెండోమనిషి మాస్టారే.

మర్నాడు పొద్దున వాడు తన వైపు కూర్చుని మార్పు రాశాడు. దానితోపాటు నిజం చెబుతూ ఒక ఉత్తరం. దాన్ని నేనే దిద్దాను. దిద్దడానికేమీ లేదు, ఆరు వాక్యాలు. తొమ్మిది గంటలు ఆగాం. సాయంత్రం మాస్టారి కంప్యూటరుకి తీగ పెట్టి, పాస్‌వర్డు కొట్టి, వాడు పక్కకి తప్పుకున్నాడు.

"నేను ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోనక్కా. నువ్వు కూర్చో. చదివి, నీకు ఒప్పయితేనే పెట్టు."

కూర్చున్నాను. నా కాళ్ళు కూడా నేలకి ఆనలేదు. చిన్నపిల్లలా వేలాడుతున్నాయి. తీసేసిన వరుస ఒకటి, చేర్చిన వరుసలు రెండు. అక్షరం అక్షరం చదివాను. లెక్కేమీ లేదు కాబట్టి, చెయ్యని పని చేశానని రాయడం ఇష్టం లేక, వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒక్క మాటే కొట్టాను: "చూశాను." నొక్కాను.

పేజీ మళ్ళీ తెరుచుకుంది.

"చూశాను. చేత్తో చేశాను. సరిపోయింది."

"నేను కొట్టింది ఒకటే మాటరా," అన్నాను.

"అలవాటైన మాటల్ని అది తనే పూరిస్తుందక్కా," అన్నాడు వాడు, గోడవైపు చూస్తూ. "మొదటి మాట కొడితే మిగతావి వచ్చేస్తాయి."

"నాలుగేళ్ళూ అలాగే వచ్చేవా?"

"లేదు. నేను మూడూ కొట్టేవాణ్ణి."

దాని తరవాత పేజీలో ఎవరెవరో చాలా రాశారు. కొందరు తిట్టారు, ఎక్కువమంది మాస్టారి గురించే రాశారు. పంపులమ్మ మాత్రం, ఆ ఆదివారం వాక్యానికి అర్థమేమిటని అడిగింది. వాడు అర్థం చెప్పాడు. ఎవరు రాశారో చెప్పలేదు. నెల తిరగకుండా తన పేరు కూడా తీసేస్తూ ఇంకో మార్పు పెట్టాడు. చూడకుండా చూశానన్నవాడు అక్కడ ఉండకూడదన్నాడు. అలా మానుకునేవాళ్ళు ఏదో ఒక ఉత్తరం రాసి సెలవు తీసుకుంటారట. వాడు ఏమీ రాయలేదు. ఒక వరుస తగ్గింది, అంతే. కొత్తవాళ్ళిద్దరూ చూసి ఒప్పుకున్నారు.

పక్క ఊళ్ళో కొత్తగా కడుతున్న ఆసుపత్రి లిఫ్టులకి మనిషి కావాలని వాడి కంపెనీ అప్పటికి రెండేళ్ళుగా అడుగుతోంది. పొద్దునా సాయంత్రం ఆ రెండు కుర్చీల్లో కూర్చోవాలని వాడు వెళ్ళలేదు. ఈసారి ఒప్పుకున్నాడు. సామాను ముందే పంపాం. బండి ఆరింటికి. అయిదింటికి లేపమని చెప్పి పడుకున్నాడు.

నాకు నాలుగున్నరకే మెలకువ వచ్చింది. ముందుగదిలో ఏదో ఇనుము గీరుకుంటున్న చప్పుడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. కుర్చీ దించుతున్నాడనుకున్నాను. లేవకుండా పడుకునే విన్నాను. చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. "వెళ్ళొస్తానక్కా" అంటే "ఊఁ" అందామని చూస్తున్నాను. ఈసారి ఏడిపించదలుచుకోలేదు. గుమ్మంలో కాసేపు నిలబడ్డట్టు చెప్పులు నేలకి రాసుకున్నాయి. మాట రాలేదు. తలుపు మెల్లగా దగ్గరికి పడింది.

మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు మూడో అంతస్తు దాటింది, రెండు దాటింది. అదే వేళకి మా అంతస్తులో ఆగి ఉన్న లిఫ్టు కూడా తలుపు మూసుకుని కిందికి దిగింది. ఎవరో కిందనుంచి బొత్తాం నొక్కి ఉంటారు.